కొంగున ముడి

వెనకటి రోజుల్లో మా నెల్లూరు పల్లెల్లో కళ్ళంలో వడ్లు కొలిచే మనిషిని చూసినవారికి ఒక సంగతి జ్ఞాపకం ఉంటుంది. మొదటి కుంచానికి "ఒకటి" అనడు, "లాభం" అంటాడు. తరవాత "రెండు... రెండు... రెండు" అంటూ, మూడో కుంచం నిండేదాకా ఆ మాటను నోట్లోంచి జారనీయడు. జారిందా, లెక్క పోయినట్టే. ఈ విద్య యంత్రానికి తనంత తాను రాదని మొన్ననే తెలిసింది నాకు.

మైపాడు దగ్గర మా బావ రొయ్యల గుంటలు చేస్తాడు. పోయిన పట్టుబడిలో కొన్నవారి లెక్కకీ, బావ లెక్కకీ రెండు క్రేట్లు తేడా వచ్చింది. అర్ధరాత్రి, వాన, మోటారు షెడ్డు గోడమీద సుద్దగీతలు. ఎవరిది తప్పని చెప్పగలం? రెండు క్రేట్లంటే వేలమీద మాట. బావ నష్టానికి ఓర్చుకున్నాడు గాని, "నా లెక్క నమ్మలేదే" అన్న బాధను మాత్రం దిగమింగలేకపోయాడు.

ఇంజనీరింగు చదివే మేనకోడలికి పౌరుషం వచ్చింది. ఫోనులో మీట నొక్కితే లెక్క పెరిగేలా జావాస్క్రిప్టులో ఒక చిన్న పేజీ రాసింది. నొక్కితే ఒకటి. మళ్ళీ నొక్కితే మళ్ళీ ఒకటే!

"ఇదేం లెక్కే అమ్మాయ్?" అన్నాను.

"లెక్క దాచే వేరియబుల్ ఫంక్షన్ లోపల పుట్టింది మామయ్యా. ఫంక్షన్ పని కాగానే అదీ పోతుంది. పిలిచినప్పుడల్లా సున్నా నుంచి కొత్త పుట్టుకే."

ఆ వేరియబుల్‌ని బయటికి తెచ్చి అన్ని ఫంక్షన్లకూ అందేచోట పెట్టింది. ఒకటి, రెండు, మూడు... బాగానే నడిచింది. అయితే ధర కట్టే ఇంకో ఫంక్షన్‌లోనూ అదే పేరు వాడిందట. అది వచ్చి లెక్కను సున్నా చేసి కూర్చుంది. ఇదీ గోడమీద సుద్దగీతే గదా! ఎవరి భుజం తగిలినా చెరిగిపోతుంది.

మూడోసారి ఒక ఫంక్షన్‌లో లెక్కను సున్నాగా పెట్టి, దాని లోపలే లెక్క పెంచే మరో చిన్న ఫంక్షన్ రాసింది. పెద్దది ఒక్కసారి నడిచి, చిన్నదాన్ని మన చేతికిచ్చి తప్పుకుంటుంది. చిన్నది ఆ లెక్కను పట్టుకునే ఉంటుంది కనుక అది చెరగదు. బయటి ఫంక్షన్లకు అందదు. పెద్దదాన్ని రెండుసార్లు నడిపితే రెండు కాటాలకు రెండు వేరువేరు లెక్కలు. దీన్ని క్లోజర్ అంటారు. పీటర్ లాండిన్ 1964లో వాడిన మాట అది. 1995లో బ్రెండన్ ఐక్ కల్పించిన జావాస్క్రిప్టులో నేడది నిత్యం వాడుకలో ఉంది.

వింటున్న మా అక్క, "కొంగున ముడేసుకున్నట్టన్నమాట!" అంది. ఇరవై యేళ్ళుగా తెలుగు చెబుతున్న నాకు ఆ మాట తట్టలేదు, చూడండి.

ముడికీ ఒక హద్దుంది. పేజీ మూసేస్తే క్లోజరూ పోతుంది. అందుకని నొక్కినప్పుడల్లా లెక్క ఫోనులో నిలవ ఉండేలా కూడా చేసింది అమ్మాయి.

ఈసారి పట్టుబడి రాత్రి బావ మీట నొక్కుతూనే "లాభం... రెండు..." అని గొణుగుతూ కూర్చున్నాడు. తెల్లవారేసరికి నోటి లెక్క, ఫోను లెక్క, కొన్నవారి లెక్క మూడూ ఒక్కటే. డబ్బు దక్కిందని అక్క సంతోషించింది. మాట దక్కిందని బావ.