మంచి కారు అంటే ఏది?

మా నాన్నగారికి బదిలీ అయినప్పుడల్లా ఇంట్లో ఒకటే చర్చ: ఏ సామాను తీసుకెళ్ళాలి, ఏది అమ్మేయాలి? ఈసారి చర్చ మా పాత కారు మీదికి వచ్చింది. "అమ్మేద్దాం నాన్నా, స్కూలు గేటు దగ్గర దిగాలంటే సిగ్గుగా ఉంది" అన్నాను. నాన్నగారు నవ్వి, "నాలుగేళ్ళలో ఇది మనల్ని ఎన్నిసార్లు దారిలో ఆపింది?" అని అడిగారు. ఒక్కసారి కూడా లేదు! అప్పుడే నేను ఆలోచించడం మొదలుపెట్టాను.

మోటారు కార్లు వచ్చిన కొత్తలో అవి డబ్బున్నవాళ్ళ ముచ్చట. 1908లో అమెరికాలో హెన్రీ ఫోర్డ్ కంపెనీ 'మోడల్ టి' కారు తెచ్చింది. దాని ఇంజను 20 హార్స్‌పవర్ మాత్రమే. కానీ నేలకు ఎత్తుగా ఉండి గతుకుల దారుల్లో కూడా నడిచేది. చిన్న చిన్న మరమ్మతులు రైతులే చేసుకునేవారు. 1913లో ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను పెట్టాక తయారీ వేగం పెరిగి, ధర తగ్గింది. మొదట 850 డాలర్లున్న కారు 1920లలో 300 డాలర్ల లోపుకే దొరికింది. 1927 నాటికి కోటిన్నర కార్లు తయారయ్యాయి. జనానికి కావలసింది ఆడంబరం కాదు, నమ్మకమూ అందుబాటు ధరా అని అది నిరూపించింది.

మన పశ్చిమ బెంగాల్‌లోనే ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ 1950ల చివరి నుంచి 2014 వరకు తయారైంది. అక్కడి రైల్వే స్టేషను పేరు కూడా హింద్ మోటార్! అంబాసిడర్‌ను ఊరూరా మెకానిక్కులు బాగుచేయగలిగేవారు. మంత్రుల నుంచి టాక్సీవాళ్ళ దాకా అందరూ వాడారు.

అయితే ఈ రెండు కార్లూ ఎందుకు ఆగిపోయాయి? కాలం మారుతున్నా అవి పెద్దగా మారలేదు. కొత్త కార్లు వాటిని దాటిపోయాయి. కాబట్టి పాతదంతా మంచిదని నేను అనను. బ్రేకులు సరిగా లేని బండినీ, పొగ కక్కే బండినీ వదిలేయాల్సిందే. కానీ బాగా పనిచేసే వస్తువును పాతబడిందన్న ఒక్క కారణంతో పారేయడం తప్పు.

మనం ఊళ్ళు మారేవాళ్ళం. ప్రతి కొత్త స్కూల్లోనూ మన బట్టలూ బండీ చూసి అంచనా వేసేవాళ్ళు ఉంటారు. నమ్మకంగా మనతో వచ్చేవి మాత్రం కొన్నే. మా కారుకు సర్వీసింగు చేయించాం. అది ఈసారి కూడా మాతోనే వస్తోంది. గేటు దగ్గర నేను తలెత్తుకునే దిగుతాను.