పార్కులో పండు ఎవరిది?

తొలకరి పడగానే మన ఊళ్ళలో మొక్కలు నాటే సందడి మొదలవుతుంది. గొయ్యి తవ్వుతారు, ఫోటో దిగుతారు, వెళ్ళిపోతారు. మార్చి వచ్చేసరికి గొయ్యి మాత్రం మిగులుతుంది. కర్నూలు, కడపలలో ఏడాది సగటు వర్షపాతం 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదీ చాలావరకు జూన్, నవంబరు మధ్య కురిసి ఆగిపోతుంది. కనుక ఇక్కడ నాటడం పెద్ద పని కాదు. మొదటి రెండు వేసవులు నీళ్ళు మోయడమే పని.

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) బానిసత్వం నుంచి విడుదల కావాలంటే 300 ఖర్జూర మొక్కలు నాటాలని, 40 ఊఖియాల బంగారం చెల్లించాలని యజమాని షరతు పెట్టాడు. సహాబీలు తలా 30, 20, 10 చొప్పున పిలకలు తెచ్చారు, గోతులు తవ్వడానికి సాయపడ్డారు. దైవప్రవక్త (సల్లం) స్వహస్తాలతో నాటారు. చందా పుస్తకంలో పేరు రాయించుకుని ఊరుకున్నవారు కారు వాళ్ళు!

మన మసీదుల్లో ఐదు పూటలా వుజూ చేసిన నీరు మురుగు కాలువ పాలవుతోంది. సబ్బు కలవని నీరది. పక్కనే పార్కు ఉంటే బిందెలతోనైనా చేర్చవచ్చు. ఇక ఏ చెట్లు? బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది, సంతోషమే. కానీ నీటి కరువున్న చోట సీతాఫలం, రేగు, ఉసిరి, సీమచింత ముందు నాటాలి. సీతాఫలం ఆకును మేకలు ముట్టవు. రేగు ఎండాకాలం ఆకు రాల్చి బతుకుతుంది. నేరేడుకు కాస్త తడి కావాలి, దాన్ని కుళాయి దగ్గర పెట్టండి.

అసలు చిక్కు కాపు వచ్చాక. రోడ్డు పక్క చింతచెట్ల ఫలసాయాన్ని వేలం వేయడం మనం చూస్తున్నదే. పార్కులోనూ అలాగే చేస్తే పాటదారు కావలి పెట్టి పిల్లల్ని తరుముతాడు. నీళ్ళు మోసినవాళ్ళు మరుసటి ఏడు రారు. అందుకే మొక్క నాటకముందే కార్పొరేషన్ కమిషనర్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, ఫలసాయం వేలం వేయరాదన్న మాట అందులో ఉండాలి. ఇంగ్లాండులోని టాడ్‌మోర్డెన్ అనే చిన్న ఊళ్ళో 2008 నుంచి స్వచ్ఛంద సేవకులు పోలీస్ స్టేషన్ ముందు కూడా కూరగాయలు పెంచుతున్నారు. ఎవరైనా కోసుకోవచ్చు.

పిల్లలు పచ్చికాయలు కోసేస్తారని కొందరి భయం. చెట్టు నాటిన ముస్లింకు అందులోంచి మనిషి తిన్నది, పక్షి తిన్నది, దొంగ ఎత్తుకుపోయినది కూడా సదఖా అవుతుందని హదీసు ఉంది కదా! మిగిలినది కోసి సగం పార్కుకు వచ్చినవారికి, సగం ప్రభుత్వ ఆసుపత్రి రోగులకు ఇవ్వండి. పంచేచోట పేరు, మతం అడగవద్దు.

కోతలోనూ తెలివి కావాలి. నేరేడు కొమ్మ పెళుసు, పిల్లల్ని ఎక్కించకండి. కింద దుప్పటి పరిచి కొమ్మ దులపండి. సీతాఫలం కళ్ళు విచ్చుకున్నాక కోస్తే ఇంట్లో మూడు నాలుగు రోజులకు పండుతుంది. జూన్‌లో నాటాలంటే గోతులు మే నెలలోనే తవ్వి ఎండనివ్వాలి. జుమా నమాజ్ అయ్యాక ముతవల్లీ గారితో వుజూ నీటి సంగతి ఈ రోజే మాట్లాడండి.