బొద్దింకను పెంచాలంటే...

చిలకను పెంచుతామంటే ఎవరూ ఆశ్చర్యపోరు. కుక్కపిల్లను పెంచుతామన్నా సరే అంటారు. బొద్దింకను పెంచుతామంటే మాత్రం అమ్మ చీపురు అందుకుంటుంది! అయినా పిల్లలూ, సైన్సు చదివే ప్రతి విద్యార్థీ కొన్నాళ్లపాటు బతికున్న బొద్దింకను దగ్గరగా చూడాలని నా అభిప్రాయం. దానికి కాళ్లు ఎన్ని, శ్వాసరంధ్రాలు ఎన్ని అని బట్టీ పడితే చాలదు. చచ్చిన బొద్దింక తన శరీర నిర్మాణాన్ని చూపగలదు గాని, ఎలా బతుకుతుందో చూపలేదు కదా!

అయితే ఒక షరతు. పెంచితే ఆరోగ్యంగా పెంచాలి.

“బొద్దింక మొండి ప్రాణం, దానికి సేవలెందుకు మాస్టారూ?” అని మీరు అడగవచ్చు. తిండి లేకుండా అది నెల రోజుల దాకా ఉండగలదన్న మాట నిజమే. కాని నీరు లేకపోతే అంతకాలం గడవడం కష్టం. చావకుండా ఉండటం వేరు, ఆరోగ్యంగా ఉండటం వేరు. దాహంతో, ఎండలో మగ్గుతున్న పురుగును చూసి “బొద్దింక మందకొడిగా కదులును” అని నోటుబుక్కులో రాశారనుకోండి. అది బొద్దింక స్వభావం కాదు, మీరు దాన్ని ఉంచిన తీరు!

దానికి కావలసినవి ఎక్కువేమీ లేవు. వెడల్పు మూతి గాజు సీసా తీసుకుని, మూతికి సన్నని ఇనుపజాలీ బిగించండి. లోపలి అంచు చుట్టూ వాజలైన్ రాస్తే పాకి పైకి రాలేదు. కోడిగుడ్లు పెట్టే అట్ట ముక్కలు నిలువుగా ఉంచండి. బొద్దింకకు వెలుతురు గిట్టదు. ఒళ్లు తగిలేటంత ఇరుకు చోటే దానికి ఇష్టం. నీళ్లు గిన్నెలో పోయవద్దు, పిల్ల బొద్దింకలు మునిగిపోతాయి. తడిపిన దూది పెట్టి రోజూ మార్చండి. చపాతీ ముక్క, కొంచెం కారెట్ తిండికి చాలు. మిగిలినదాన్ని బూజు పట్టకముందే తీసేయండి. పురుగుల మందు చల్లిన చోట పట్టిన బొద్దింకలు మాత్రం పనికిరావు.

ఇంత చేస్తే మీకు దక్కే ఫలితం ఏమిటి? రెక్కలు లేని పిల్ల బొద్దింక సుమారు పది పన్నెండుసార్లు పైపొర విడుస్తూ పెరుగుతుంది. ఒక ఉదయం సీసాలో తెల్లని బొద్దింక కనిపించవచ్చు. జబ్బు చేసిందని కంగారుపడకండి, దాన్ని ముట్టుకోకండి. అది అప్పుడే పొర విడిచింది. కొన్ని గంటల్లో ఒళ్లు గట్టిపడి మళ్లీ గోధుమరంగుకు తిరుగుతుంది. ఈ మార్పును పుస్తకంలో చదవడం వేరు, కళ్లతో చూడటం వేరు.

బొద్దింకలు రోగాలు తెస్తాయన్న అమ్మ మాటా అబద్ధం కాదు. మురుగులో తిరిగి క్రిములను మోసుకొస్తాయి. వాటి రెట్టలు, విడిచిన పొరలు కొందరికి ఉబ్బసం రేపుతాయి. అందుచేత ఈ పెంపకం ఇంట్లో వద్దు, బడిలో టీచరు అనుమతితోనే చేయండి. ఉబ్బసం ఉన్నవారు దూరంగా ఉండండి. సీసా ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. చిక్కుడు గింజలాంటి గుడ్లసంచి కనబడితే వెంటనే టీచరుకు ఇవ్వండి, వేడినీళ్లలో వేస్తారు. ఒక్కో సంచిలో పదిహేను దాకా గుడ్లుంటాయి మరి! సీసా కిక్కిరిస్తే ఏ ఒక్కటీ ఆరోగ్యంగా ఉండదు. పెంచినవాటిని బయట వదలడం అసలే కూడదు.

పెద్దదైన బొద్దింక ఏడాది దాకా బతకవచ్చు. పరీక్షలు వస్తాయి, వేసవి సెలవులు వస్తాయి. సీసాలో ఉన్నదానికి సెలవులు తెలియవు, దాహమే తెలుసు. కనుక బొద్దింకను పట్టే ముందే నోటుబుక్కు మొదటి పేజీలో ఒక పట్టిక గీయండి: ఏ రోజు నీళ్లు పెట్టడం ఎవరి వంతు? సెలవుల రోజులతో సహా ఆ పట్టిక నిండితేనే సీసా తీయండి.