వెలిగే హెల్మెట్, వెలగని వీధి

అమెరికాలో ఉంటున్న మా అక్క కొడుకు పోయినసారి వచ్చినప్పుడు నాకొక హెల్మెట్ తెచ్చిచ్చాడు. సైకిలు తొక్కేవాళ్ల కోసం చేసింది. ముందు తెల్ల దీపాలు, వెనక ఎర్రవి. హ్యాండిల్‌కు బిగించిన బటన్ నొక్కితే మనం తిరగబోయే పక్క పసుపు దీపం మిణుకుమంటుంది. 2015లో అమెరికాలో లూమోస్ అనే ఇలాంటి హెల్మెట్ కోసం జనం ముందుగానే డబ్బు కట్టారట. యాభై దాటినా ఈ హైదరాబాదు రోడ్ల మీద సైకిలు వదలనని మావాడి బెంగ.

దాన్ని నేను తీసిపారేయను. చీకట్లో చెయ్యి చాపి మలుపు తిరిగితే ఎవరికి కనిపిస్తుంది? మా రోజుల్లో డైనమో ఉండేది. చక్రం తిరిగితేనే వెలుగు, ఆగితే చీకటి. ఇది ఆగినా వెలుగుతుంది. ఆటోలు కాస్త ఎడంగా పోతున్నాయి కూడా. కాకపోతే జుట్టు ముడి వేసుకుంటే తలకు పట్టదు, జడ వేసుకుని కిందికి వదలాల్సిందే. చేసినవాళ్ల ఊహలో మన ముడులు లేవు మరి!

మా బస్తీ సంఘంలో ఒకామె మూడిళ్లలో వంట చేస్తుంది. తెల్లవారుజామున నాలుగున్నరకే బయల్దేరాలి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితమే, కానీ ఆ వేళకు ఆమె ఉండే వైపు బస్సు లేదు. భర్త పాత సైకిలే దిక్కు. నాకంటే ఆమెకే అవసరమని హెల్మెట్ ఇచ్చాను. నాలుగు రోజులకు తిరిగి తెచ్చింది.

"అక్కా, లారీవోనికి కనబడుతున్న, మంచిదే. సందు మొగన తాగి కూసున్నోళ్లకు గూడ దూరం నుంచే కనబడుతున్న. ఇన్నొద్దులు చీకట్ల ఎవ్వరు సూడకముందే ఎల్లిపోతుంటి."

నా దగ్గర జవాబు లేకపోయింది. కనబడకుండా ఉండటమే రక్షణ అని ఆడపిల్లలకు చిన్నప్పటి నుంచి నేర్పుతారు. రోడ్డేమో కనబడకపోతే ప్రాణం తీస్తుంది. ఈ రెండింటి మధ్య ఆమె రోజూ సైకిలు తొక్కుతోంది.

ఇలాంటి హెల్మెట్ పదివేలకు పైమాటే. ఆ డబ్బుతో మామూలు సైకిలు కొంటే ఇంకా మిగులుతుంది. పైగా సైకిలు హెల్మెట్లను యూరప్‌లో పరీక్షించేది గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో తల నేలకు తగిలే దెబ్బకే. లారీ గుద్దితే కాపాడటానికి కాదు. నా భయం వేరే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టంలోని హెల్మెట్ నిబంధన సైకిలుకు వర్తించదు. అయినా రేపు ప్రమాదం జరిగితే "తల మీద దీపం ఎందుకు పెట్టుకోలేదు?" అని ఆమెనే అడుగుతారు. "ఆ వేళప్పుడు ఎందుకు వెళ్లింది?" అన్న ప్రశ్న మనకు కొత్తా?

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోటలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాదిమంది స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ సైకిళ్లకు అప్పులివ్వమని బ్యాంకుల మీద ఒత్తిడి తెచ్చారు. లేడీస్ సైకిళ్లు దొరక్కపోతే మగవాళ్ల సైకిళ్లే ఎక్కారు, ముందు కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని. అక్కడ ప్రభుత్వం స్త్రీల అవసరం దగ్గరకు వచ్చింది. ఇక్కడ 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేశారు. పైన సోలార్ పలకల కప్పు, రాత్రికి దీపాలు. వెళ్లి చూశాను, బాగుంది. నాకు కనిపించిన వాళ్లలో ఎక్కువమంది వ్యాయామానికి వచ్చినవాళ్లే. వంటపనికి వెళ్లేవాళ్ల దారి అటు పోదు.

పోయిన నెల మేం పదిమందిమి తెల్లవారకముందే ఆమె దారి వెంట నడిచాం. పదకొండు దీపస్తంభాలుంటే నాలుగే వెలుగుతున్నాయి. ఏ స్తంభం వెలగడం లేదో, ఎక్కడ గుంట ఉందో రాసి అర్జీ ఇచ్చాం. ఇంకా ఎవరూ రాలేదు, మళ్లీ వెళ్తున్నాం. ఈలోగా అదే వైపు పనికి వెళ్లే మరో ఇద్దరు సైకిళ్ల మీద ఆమెకు జతయ్యారు. హెల్మెట్ ఇప్పుడు వాళ్ల దగ్గరే ఉంది. అందరికన్నా వెనక వచ్చే మనిషి పెట్టుకుంటోంది.