నీకేం ఖర్మ!

‘ఆయన బాగానే సంపాదిస్తున్నాడుగా, నీకేం ఖర్మ ఉద్యోగం చేయడానికి?’ పెళ్లిళ్లలో, పేరంటాల్లో చాలామంది ఉద్యోగినులకు ఎదురయ్యే ప్రశ్నే ఇది. వరినాట్లకు వెళ్లే కూలీని మాత్రం ఎవరూ ఇలా అడగరు. ఆమె పనికి పోకపోతే పొయ్యి వెలగదని అందరికీ తెలుసు మరి!

పల్లెల్లో గమనించండి. నాలుగెకరాలు కొన్నా, కొడుకు సిటీలో స్థిరపడినా ‘మా ఆడవాళ్లు కూలికి పోరు’ అని గొప్పగా చెప్పుకుంటారు. ఇంటి హోదా పెరిగేకొద్దీ ఆడవాళ్లను బయటి పని మాన్పించే ఈ ధోరణిని సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్‌.శ్రీనివాస్‌ ఎప్పుడో గుర్తించారు. 2023లో ఆర్థికశాస్త్ర నోబెల్‌ అందుకున్న క్లాడియా గోల్డిన్‌ అమెరికా చరిత్రలోనూ ఇలాంటి మలుపే చూపించారు. సేద్యం తగ్గి ఫ్యాక్టరీలు పెరిగినప్పుడు అక్కడి పెళ్లయిన స్త్రీలు పనికి దూరమయ్యారు. చదువులు, ఆఫీసు కొలువులు పెరిగాక తిరిగొచ్చారు.

మన దగ్గర 2023-24 శ్రామిక సర్వే ప్రకారం పదిహేనేళ్లు నిండిన మహిళల్లో పని చేస్తున్నవారు, వెతుక్కుంటున్నవారు కలిపి పల్లెల్లో 47.6 శాతం ఉంటే, పట్టణాల్లో 28 శాతమే. పల్లెల్లోనూ చాలామంది సొంత పొలంలో, చేతికి జీతం రాకుండా పనిచేసేవారే.

అలాగని పని మానేసిన వాళ్లందరినీ ఒకే గాటన కట్టలేం. ఎండలో నడుము విరిగేలా కష్టపడిన మనిషికి ఇంటిపట్టున ఉండటమంటే విశ్రాంతి. తన కూతురికైనా నీడపట్టున చేసుకునే ఉద్యోగం రావాలన్నదే ఆమె ఆశ. మధ్యతరగతి ఇంట్లో లెక్క వేరు. టీచరు, బ్యాంకు ఉద్యోగాలైతే సరే. బట్టల షాపులో సేల్స్‌గర్ల్‌ అంటే నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ! డబ్బున్న ఇంట్లోనైతే ఆమె ఉద్యోగం ‘కాలక్షేపం’ కిందే లెక్క.

పైగా ఇంటి చాకిరీ ఎక్కడికీ పోదు. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే మహిళలు రోజుకు 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది. స్తోమత ఉంటే పనిమనిషిని పెట్టుకుని ఆఫీసుకు వెళ్లొచ్చు. ఆ పనిమనిషి మాత్రం తన ఇంటి పనీ తనే చేసుకోవాలి.

ఇన్ని ఇళ్లలోనూ చూసేది ఇంటి అవసరాన్ని, ఇంటి పరువునే. ఆమె ఇష్టాన్ని అడిగేవారు తక్కువ. కానీ ఏ కారణంగానైనా ‘ఆయన సంపాదన’ ఆగిపోతే, నలభై అయిదేళ్ల వయసులో మొదటిసారి ఉద్యోగం వెతుక్కోవాల్సింది ఆమే. ‘నీకేం ఖర్మ’ అన్నవాళ్లెవరూ ఆ రోజు జీతం ఇవ్వరు.