డిస్క్ కనబడలేదంటే చచ్చిపోయిందని కాదు



2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు ఆపేసింది. అప్పటి నుంచి ఉదయగిరిలో, ఆత్మకూరులో తెలిసినవాళ్లు నన్ను అడిగే సవాల్ ఒకటే: "భాయ్, లాప్‌టాప్‌లో కొత్త విండోస్ వేయించమంటావా?"

వేయించండి. కానీ నాదొక మష్వరా. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మధ్యలో ఒక పేజీ వస్తుంది. మెషీన్‌లో ఏయే డిస్కులు ఉన్నాయో వెతికి, జాబితా చూపి, ఎందులో వేయాలని అడుగుతుంది. ఆ పేజీ దగ్గర మీరు పక్కనే కూర్చోండి. పెద్ద నుక్సాన్ జరిగేది అక్కడే.

ఒక్కోసారి ఆ జాబితా ఖాళీగా వస్తుంది. వెంటనే "డిస్క్ పోయింది, కొత్తది వేయాలి" అంటారు. తొందరపడి పైసలు తీయకండి. ముందు బయోస్ తెరిపించండి. అక్కడ డిస్క్ పేరు కనబడితే అది చాలావరకు చావలేదు, ఇన్‌స్టాలర్‌కు దాన్ని గుర్తుపట్టే డ్రైవర్ లేకపోయి ఉండొచ్చు. 2020 చివర్లో వచ్చిన ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి చాలా లాప్‌టాప్‌లలో ఈ తక్‌లీఫ్ ఉంది. లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లోకి తెచ్చుకుని, అదే పేజీలో 'లోడ్ డ్రైవర్' నొక్కితే డిస్క్ ప్రత్యక్షమవుతుంది. దీనికి ఖర్చు లేదు. బయోస్‌లో కూడా కనబడకపోతే అప్పుడు కనెక్షన్ చూడాలి, ఆ తర్వాతే కొత్త డిస్క్ మాట.

ఇంకోసారి రెండు మూడు డిస్కులు కనబడతాయి. అసలు ఖతరా ఇదే. ఎస్ఎస్‌డీ ఒకటి, పాత హార్డ్‌డిస్క్ ఒకటి, ఒక్కోసారి ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్ కూడా. డ్రైవ్ 0, డ్రైవ్ 1 అన్న నంబర్లను నమ్మకండి, సైజు చూడండి. 500 జీబీ డిస్క్ అక్కడ 465గా, 1 టీబీ డిస్క్ 931గా కనబడుతుంది. లినక్స్ అయితే మోడల్ పేరు కూడా చూపిస్తుంది. పని మొదలుపెట్టక ముందే బయటి డిస్కులన్నీ తీసేయండి. ఏది ఏదో తేలకపోతే 'డిలీట్' నొక్కనివ్వకండి.

ఎందుకింత ఎహతియాత్ అంటారా? ఆ పాత డిస్కులో ఆపా నికా వీడియో ఉంటుంది, మర్హూమ్ అబ్బా గొంతు ఉంటుంది. ఉదయగిరిలో చెక్క స్పూన్లు, గరిటెలు చేసే ఇల్లయితే ఏళ్ల తరబడి దాచిన డిజైన్ల ఫొటోలు ఉంటాయి. విండోస్ మళ్లీ వేసుకోవచ్చు. ఇవి పోతే మళ్లీ రావు.

రిపేర్ చేసే తమ్ముళ్లకూ ఒక మాట. మీ చేతికొచ్చిన లాప్‌టాప్ అమానత్. అడగకుండా డిస్క్ తుడవడం హునర్ కాదు. స్క్రీన్ గిరాకీ వైపు తిప్పి, "ఇందులో వేస్తున్నా, ఇది మొత్తం పోతుంది, సరేనా?" అని అడగండి. దానికి పట్టేది అర నిమిషం.

ఇంట్లోవాళ్లకు కూడా జిమ్మేదారి ఉంది. ఆ అర నిమిషం కోసం దుకాణ్‌లో కూర్చునే ఓపిక లేకపోతే, లాప్‌టాప్ ఇచ్చే ముందే ఫొటోలు వేరే డిస్కులోకి కాపీ చేసి ఇంట్లో పెట్టుకోండి.