గ్రూప్ అడ్మిన్‌కి ఒక తాత ఉన్నాడు

ఒకసారి మీ ఫోన్‌లో వాట్సాప్ గ్రూపులు లెక్కపెట్టండి. టెన్త్ బ్యాచ్, చుట్టాలది, వీధి వినాయకుడిది, ఆఫీసుది. ఎన్నింటికి మీరు అడ్మిన్? అడ్మిన్ అయితే మాత్రం ఏం చేయగలరు లెండి! పొద్దున్నే పువ్వుల ఫొటో పెట్టే బాబాయిని తీసెయ్యలేరు, రాజకీయం తప్ప ఇంకోటి మాట్లాడని బావని ఆపలేరు. ఈ పనికి ఒక తాత ఉన్నాడు. ఆయన్ని సిసాప్ అనేవారు. సిస్టమ్ ఆపరేటర్‌కి అది ముద్దుపేరు. ఆయన నడిపింది బీబీఎస్, అంటే బులెటిన్ బోర్డ్ సిస్టమ్.

సంగతి చాలా సింపుల్. ఇంట్లో ఒక కంప్యూటరు, దానికో మోడెమ్, మోడెమ్‌కి ఇంటి ల్యాండ్‌లైను. మీరు మీ కంప్యూటర్ నుంచి ఆ నెంబరు కొడతారు. కీచుమని అరుపులు వినిపించాక తెర మీద అక్షరాలు వస్తాయి. మెసేజ్ చదువుతారు, జవాబు రాస్తారు, ఫైలు దించుకుంటారు, ఫోన్ పెట్టేస్తారు. మధ్యలో ఇంటర్నెట్ అనేదే లేదు. లైను ఒక్కటే కాబట్టి ఒకసారికి ఒక్కరే. మీరు లోపలుంటే మిగతా ఊరందరికీ ఎంగేజ్ టోనే. అందుకే రోజుకి మనిషికి ఇన్ని నిమిషాలని సిసాప్ కోటా పెట్టేవాడు.

మొదటిది షికాగోలో పుట్టింది. 1978 జనవరిలో అక్కడ మంచు తుఫాను. ఇంట్లో ఇరుక్కుపోయిన వార్డ్ క్రిస్టెన్సన్ తన కంప్యూటర్ క్లబ్ స్నేహితుడు ర్యాండీ స్యూస్‌కి ఫోన్ చేశాడు. క్లబ్ నోటీసు బోర్డుని ఫోన్ లైన్ మీదికి ఎక్కిస్తే ఎలా ఉంటుందని! ఒకరు ప్రోగ్రాం రాశారు, ఒకరు పెట్టె బిగించారు. ఫిబ్రవరి 16న సీబీబీఎస్ మొదలైంది. ఫోన్ మోగితేనే ఆ కంప్యూటర్ నిద్రలేచేది. వేగం సెకనుకి 300 బిట్లు, అంటే ముప్ఫై అక్షరాలు. ఆ లెక్కన ఇవాళ్టి 5 ఎంబీ పాట ఒకటి దిగాలంటే దాదాపు 46 గంటలు. తర్వాత వచ్చిన 2400 మోడెమ్ మీద కూడా బాబాయిగారి పువ్వుల ఫొటోకి, 100 కేబీ అనుకున్నా, ఏడు నిమిషాలు పట్టేది. అలాంటి రోజుల్లో అయితే ఆయన రోజూ పెట్టేవాడు కాదేమో.

తర్వాత సాఫ్ట్‌వేర్లు బోలెడు వచ్చాయి. పీసీబోర్డ్, వైల్డ్‌క్యాట్, రిమోట్ యాక్సెస్, మ్యాక్సిమస్. వీటిలో నాకు బాగా నచ్చేది ఒక చిన్న విషయం. లోపలికొచ్చిన మనిషి టైప్ చేసే ప్రతి అక్షరం సిసాప్ తెర మీద అప్పటికప్పుడే కనిపించేది. కావాలంటే మధ్యలో దూరి ‘ఏం బాబూ, భోజనం అయిందా’ అని మాట కలపొచ్చు. ప్రైవసీ అంటారా, సున్నా. కానీ చూసే మనిషెవరో, అతని ఇంటి నెంబరేమిటో మీకు తెలుసు. ఇప్పుడు మనల్ని చూసేదెవరో చెప్పండి చూద్దాం.

1984లో టామ్ జెన్నింగ్స్ ఫిడోనెట్ తెచ్చాడు. కాల్ రేటు తగ్గే అర్ధరాత్రి వేళ బీబీఎస్‌లు ఒకదానికొకటి ఫోన్ చేసుకుని ఉత్తరాలు మార్చుకునేవి. మెయిల్ రైల్లోంచి ఒక స్టేషన్లో సంచి దించి ఇంకో సంచి ఎక్కించినట్టు. ఒక ఉత్తరం అలా చేతులు మారుతూ రెండు మూడు రోజుల్లో ప్రపంచం చుట్టొచ్చేది.

మన దగ్గరా ఉన్నాయి. 90ల మొదట్లో ముంబైలో లైవ్ వైర్ లాంటివి నడిచాయి. ముంబై వాళ్లకి అది లోకల్ కాల్. మా పొందూరు నుంచి కొడితే ఎస్టీడీ! పసుపు బోర్డు బూత్‌లో ఎర్రంకెల మీటరు పరుగెడుతుంటే గుండె కూడా పరుగెత్తే కాలం అది. రేట్లు పడిపోయే రాత్రి వేళ దాకా జనం కాచుకునేవారు. ఎస్టీడీలో కూర్చుని తీరిగ్గా మెసేజ్‌లు చదివితే ఇల్లు అమ్ముకోవాలి. దానికీ ఉపాయం ఉంది, క్యూడబ్ల్యూకే ప్యాకెట్. కొత్త మెసేజ్‌లన్నీ మూటకట్టి దించేసుకుని, ఫోన్ పెట్టేసి, నింపాదిగా చదివి, జవాబులన్నీ మళ్లీ ఒకే కాల్‌లో పంపడం.

ఇంతలో టెలికాం శాఖ లైసెన్సు అంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం చూపించి, బీబీఎస్ నడపాలంటే ఏడాదికి 15 లక్షలు కట్టమంది. ఇంట్లో సరదాకి, సొంత కరెంటు బిల్లుతో, పైసా వసూలు చేయకుండా నడిపే మనిషి 15 లక్షలు ఎక్కడ తెస్తాడు? దీని మీద కొట్లాడటానికి ‘ఫ్రీ’ అనే వేదిక కూడా పుట్టింది. ఆ గొడవ తేలేలోపే 1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ ఇంటర్నెట్ వచ్చేసింది. అందరూ దాన్ని స్వాతంత్ర్యం అంటారు. నాకు మాత్రం ఆ లైసెన్సు గుర్తొస్తుంది. సర్కారు భయం వేరే రూపంలో ఇంకా ఉంది చూడండి, గ్రూపులో ఎవరో ఏదో పెడితే అడ్మిన్ మీద కేసులు. సభ్యుడి పోస్టుకి అడ్మిన్‌ని బాధ్యుణ్ని చేయలేమని, ఇద్దరిదీ ఒకే ఉద్దేశమని తేలితే తప్ప, 2021లో బాంబే హైకోర్టు చెప్పాల్సొచ్చింది.

మరి తెలుగు? ఆ తెరలకి ఇంగ్లిష్ అక్షరాలే తెలుసు. అమెరికాలో రైస్ యూనివర్సిటీలో చదువుకుంటున్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ 90ల మొదట్లో ఆర్‌టీఎస్ అనే పద్ధతి కట్టారు. త కావాలంటే చిన్న టీ, ట కావాలంటే పెద్ద టీ. సున్నాకి పెద్ద ఎమ్. మా ఊరి పేరులో చిన్న డీ బదులు పెద్ద డీ కొడితే పొండూరు అయిపోతుంది! మీరిప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి తెలుగు తెప్పించుకునే కీబోర్డులకి అది పెద్దన్నయ్య.

ఇదంతా ఎందుకంటే, నేను పొందూరులో పాత ల్యాప్‌టాప్ మీద సింక్రోనెట్ అనే బీబీఎస్ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాను. ఉచితం, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తున్నాయి. ఫోన్ లైన్ బదులు ఇంటర్నెట్ మీద, టెల్నెట్‌తో. మీ ఆండ్రాయిడ్‌లో టెర్మక్స్ వేసుకుంటే అందులోంచీ రావొచ్చు. మా మావయ్య తెర చూసి ‘ఏటిరా, బొమ్మల్లేవు, పాటల్లేవు, దీనికేటి పనీ’ అన్నాడు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి ఖద్దరు నేసే ఊరు మాది, ఆ మాట మా మావయ్య అనకూడదు.

అసలు తంటా వేరే చోట వచ్చింది. ఇంట్లో ఫైబర్ ఉంది, వేగం ఉంది, కానీ బయటివాళ్లు లోపలికి రాలేరు. చాలా కంపెనీలు ఎన్నో ఇళ్లని ఒకే చిరునామా వెనకాల కూర్చోబెడతాయి. మనం బయటికి వెళ్లొచ్చు, మన తలుపు మాత్రం ఎవరూ తట్టలేరు. 1990లో ల్యాండ్‌లైన్ ఉన్న ప్రతి ఇంటికీ ఒక నెంబరుండేది, ఎవరైనా కొట్టొచ్చు. ఇవాళ సొంత చిరునామా కావాలంటే విడిగా డబ్బు కట్టాలి. నేను కడుతున్నాను. పిల్లలు యూట్యూబ్ చూడటానికి ఇది అక్కర్లేదు కాబట్టి ఎవరూ అడగరు. మీరొకసారి మీ కనెక్షన్ వాళ్లని అడిగి చూడండి, ఏమంటారో.

ప్రస్తుతానికి మా బోర్డుకి పదకొండు మంది వస్తారు. తెలుగు పడుతోంది గానీ, ఒక్కో అక్షరానికి ఒక్కో గడి ఇచ్చే ఆ తెర మీద వత్తులు చెదిరిపోతున్నాయి. పొందూరుకి ఇబ్బంది లేదు, వత్తు లేదు కదా. శ్రీకాకుళం దగ్గరే శ కింద రావత్తు పక్క గడిలోకి జారిపోతోంది. నెల రోజులుగా ఫాంట్లు మారుస్తూ కుస్తీ పడుతున్నాను. మొన్న రాత్రి ఆమదాలవలస నుంచి ఒక చెల్లెలు బోర్డులో రాసింది: ‘అన్నా, మనం పలికినట్టే సీకాకులం అని రాసీమంటే పోద్ది గదా!’